మూడో స్టార్ట్

శనివారం నాడు ఇంట్లో ఉన్నది ఐదుగురు.

నాన్న ఇశ్రాయేలు. నానమ్మ శౌరమ్మ. అక్క డయానా. అన్నయ్య బెన్నీ. ఐదోది హెలెన్.

పోలీసుల లెక్క అక్కడితో ఆగింది.

హెలెన్ లెక్కలో ఇంకొకడున్నాడు. ఆ ఆరోవాడు ఇప్పుడు వంద గజాల ముందు ట్రాలీ ఆటో తోలుకుంటూ పోతున్నాడు...

చక్రి!

"బాబాయ్, గన్నవరం దాటేశాడు. ఇంకాస్త స్పీడుగా..."

"ఇదేమన్నా విమానమా అమ్మా? ఎనభై దాటితే హ్యాండిల్ వణుకుద్ది. గట్టిగా పట్టుకో."

జాన్సన్ బాబాయి బైకు రెండు లారీల మధ్య దూరుతుంది. హైవే మీద సన్నని వాన. మంగళవారం. మధ్యాహ్నం మూడున్నర.

ట్రాలీ వెనక నీలం పట్టా గాలికి లేచి పడుతోంది. లేచినప్పుడల్లా కింద నల్లగా కనిపిస్తోంది.

బోటు మోటారు.

బెన్నీని చంపిన మోటారు.

రాత్రి ఏడింటికి నాన్నను జడ్జి గారి ముందుకు తీసుకెళ్తారు. అక్కడి నుంచి జైలుకే. ఆ లోపు మోటారు విప్పి చూడాలి. చక్రి దాన్ని హనుమాన్ జంక్షన్‌లో పాత ఇనుము కొట్టుకి వేసేశాడా... అయిపోయినట్టే. నాన్న తప్పు చేయలేదని చెప్పడానికి ఈ లోకంలో ఇంకే వస్తువూ మిగలదు.

మూడున్నర గంటలు.

హెలెన్ కళ్ళు మూసుకోదు. మూసుకుంటే శనివారం కనిపిస్తుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బెన్నీ స్నేహితుడు చక్రి ఆ మోటారును భవానీపురంలో ఇంటికి తెచ్చాడు. వరండాలో దించాడు. గుమ్మం తొక్కలేదు.

"నడుస్తా నడుస్తా ఆగిపోతందండి. బ్యాటరీ కూడా ఎక్కట్లేదు. సాయంత్రానికి కావాలి."

నాన్న ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. కార్బొరేటర్ విప్పి కడిగాడు. పెట్రోలు పైపుకి వాషర్లు మార్చాడు. బ్యాటరీకి కరెంటు ఎక్కించే రెక్టిఫయర్ కాలిపోయి ఉంటే తీసి కొత్తది వేశాడు. మోటారును నీళ్ళ డ్రమ్ములోకి దించి నడిపాడు. మల్టీమీటరు బ్యాటరీకి పెట్టాడు.

నాన్నకి రాయడం రాదు. ఆయన అంకె చెప్తాడు. హెలెన్ నోటుబుక్కులో రాస్తుంది.

పదకొండు నలభై. పద్నాలుగు పాయింట్ ఒకటి.

మోటారు నడుస్తుండగా మీటరు పద్నాలుగు వోల్టులు చూపిస్తే బ్యాటరీ ఎక్కుతున్నట్టు. నాన్న చెయ్యి తుడుచుకుని అన్నాడు. "ఈ బ్యాటరీ ముసలిదయిపోయిందిరా బెన్నీ. రెండు స్టార్ట్‌లకే వస్తది. నడుస్తుంటే మళ్ళీ ఎక్కుద్ది. భయం లేదు."

నాలుగింటికి బెన్నీ, చక్రి దాన్ని రేవుకి మోసుకెళ్ళారు.

ఐదున్నరకి బ్యారేజీ గేట్లు ఎత్తారు. పైనుంచి నీళ్ళొస్తున్నాయి.

ఆరూ పదికి నది మధ్యలో మోటారు ఆగిపోయింది.

చక్రి దూకి ఈదాడు. బెన్నీ దూకలేదు. బోటు గేట్ల వైపు కొట్టుకుపోయింది.

ఆదివారం పొద్దున బ్యారేజీ దిగువన ఇసుక తిన్నె మీద బెన్నీ దొరికాడు. సోమవారం సమాధి చేశారు. ఈ ఉదయం పోలీసులు వచ్చారు.

చక్రి ఒక్క ముక్కే చెప్పాడట. ఇశ్రాయేలు గారు మోటారు సరిగ్గా చెయ్యలేదండి, అని.

నాన్న కాదంటాడని హెలెన్ ఎదురుచూసింది.

నాన్న తల దించుకున్నాడు. "అవునండి. తప్పు నాదే."

ఆయన ఒప్పుకున్నాక ఒడ్డున పడున్న మోటారును చక్రి ఎక్కించుకుపోతుంటే ఎవరూ అడగలేదు. అది ఎవరికీ అక్కర్లేకపోయింది.

హెలెన్‌కి తప్ప.

* * *

హనుమాన్ జంక్షన్.

ట్రాలీ ఆటో మెయిన్ రోడ్డు వదిలి పక్క సందులోకి తిరుగుతుంది. పాత ఇనుము కొట్టు. లోపల సుత్తి మోత.

చక్రి పట్టా తాళ్ళు విప్పుతున్నాడు. బైకు వచ్చి ట్రాలీకి అడ్డంగా ఆగుతుంది.

చక్రి తల తిప్పి చూస్తాడు. మొహం పాలిపోతుంది. వెంటనే పళ్ళు బయటపెడతాడు.

"ఏంటి జాన్సన్ గారూ, పెళ్ళికొడుకు కారు వెనకాల పడ్డట్టు పడ్డారు?"

"మోటారు..." అంటుంది హెలెన్. మాట గొంతు దాటదు.

"ఏంటి?"

"పిల్ల మోటారు చూస్తదంట. దించు" అంటాడు బాబాయి.

"పిల్లేంటి, మోటారు చూడ్డమేంటి! వెళ్ళి ఇంటర్ పుస్తకాలు చూసుకోమనండి."

చక్రి డ్రైవర్ సీటు వైపు ఒక్క గెంతు గెంతుతాడు. బాబాయి చెయ్యి అంతకంటే ముందే తాళం లాగేస్తుంది.

"ఇంజిన్ నంబరు గీకేసిన మోటారు ఇది. ఏటి మధ్య లంకల్లో కట్టేసిన బోట్ల నుంచి నువ్వూ మా బెన్నీగాడూ కలిసి విప్పుకొచ్చేది ఇలాంటివేగా? ఫోన్ చెయ్యనా ఇక్కణ్ణుంచే?"

చక్రి చేతిలో తాడు జారిపోతుంది.

"చూసుకోండి. నాకేం?"

హెలెన్ ట్రాలీ ఎక్కుతుంది. ముందు పెట్రోలు, తర్వాత కరెంటు. ఆగిన మోటారు ముందు కూర్చుంటే నాన్న ఎప్పుడూ ఆ వరసే పాటిస్తాడు.

ట్యాంకు. సగం పైగా పెట్రోలు ఉంది. అంటే అయిపోయి ఆగలేదు.

"ఆగినప్పుడు పెట్రోలు పైపు మధ్య రబ్బరు బంతి ఎలా ఉంది?" ఆమె చక్రి మొహం చూడకుండా అడుగుతుంది.

"పీల్చి పారేసిన రసం మామిడిపండు లాగా అణిగిపోయింది."

గాలి!

ట్యాంకులోకి గాలి వెళ్ళకపోతే పెట్రోలు బయటికి రాదు. అందుకే మూత మీద చిన్న స్క్రూ ఉంటుంది. బయల్దేరే ముందు దాన్ని వదులు చేయాలి.

హెలెన్ స్క్రూ పట్టుకుంటుంది. వదులుగానే ఉంది. బెన్నీ మర్చిపోలేదు.

మూత తీసి నోటి దగ్గర పెట్టుకుని ఊదుతుంది.

గాలి పోదు.

పిన్నీసు తీసి లోపలి వైపు నుంచి కన్నంలో గుచ్చుతుంది. పచ్చటి ముద్ద ఒకటి ఊడి అరచేతిలో పడుతుంది. వాసన చూస్తుంది.

బట్టల సబ్బు.

పెట్రోలు ట్యాంకు ఎక్కడైనా కారితే అక్కడ సబ్బు రుద్దుతారు. పెట్రోలుకి సబ్బు కరగదు. మోటార్లు చేసే ప్రతి ఇంట్లోనూ తెలిసిన కిటుకు. ఆ సబ్బునే ఎవరో గాలి కన్నంలో కూరారు. కావాలని.

"నువ్వే." ఈసారి మాట బయటికొస్తుంది.

"నేనా?" చక్రి నవ్వబోతాడు. నవ్వు రాదు. "నేనూ అదే బోట్లో ఉన్నాగా హెలెనూ. గేట్లకేసి పోయే బోట్లో నన్ను నేనే కూర్చోబెట్టుకుంటానా?"

హెలెన్ మళ్ళీ మోటారు వైపు తిరుగుతుంది.

"నీకో సంగతి చెప్పనా? మోటారు ఆగగానే బెన్నీగాడు మూత మొత్తం తిప్పేశాడు. బుస్సుమని గాలి లోపలికెళ్ళింది. రబ్బరు బంతి మళ్ళీ లేచింది. 'ఇంతేరా, అయిపోయింది' అని నవ్వాడు కూడా. కీ తిప్పాడు."

చక్రి చెయ్యి గాల్లో కీ తిప్పుతుంది.

"కటక్ అంది. అంతే. మళ్ళీ తిప్పాడు. కటక్. చేత్తో స్టార్ట్ చేసే తాడు లాగుదామంటే దాని స్ప్రింగు విరిగి నెలయింది. నేను దూకరా అని అరిచా. వినలేదు. 'నాన్న చేసిన మోటార్రా, స్టార్ట్ అవుద్ది' అన్నాడు. నేను నీళ్ళలోంచి చూస్తానే ఉన్నా. తిప్పుతానే ఉన్నాడు..."

బాబాయి మొహం అటు తిప్పుకుంటాడు.

హెలెన్ ఏడవదు. ఏడిస్తే చేతులు వణుకుతాయి. ఇంకా కరెంటు చూడాలి.

పెట్రోలు సంగతి బెన్నీ పది సెకన్లలో సరిచేశాడు. అయినా మోటారు లేవలేదు. కాబట్టి రెండోది కూడా ఉంది. ఒక్కటైతే పొరపాటు అనుకోవచ్చు. రెండూ ఒకే రోజు, ఒకే మోటారుకి...

కవరు క్లిప్పులు ఊడదీస్తుంది. ఎత్తుతుంది.

కొత్త రెక్టిఫయర్ మెరుస్తోంది. దాని నుంచి బ్యాటరీకి వెళ్ళే ఎర్ర వైరు ఉండాల్సిన చోట లేదు.

ఊడదీసి ఉంది. పక్కకి వంచి ఉంది.

ఆమెకు లెక్క అర్థమవుతుంది. బ్యాటరీలో ఉన్నది రెండు స్టార్ట్‌లు. మొదటిది రేవులో. రెండోది లంకలో, దొంగ సరుకు ఎక్కించుకున్నాక. వైరు లేదు కాబట్టి మళ్ళీ ఎక్కదు. మూడోది ఉండదు.

ఇంత లెక్క వేసినవాడు ఎవడో...

వైరు చివర నల్ల టేపు చుట్టి ఉంది. నిప్పురవ్వ లేవకుండా. పక్కనే పెట్రోలు కదా, అంటుకుంటే మనుషులు కాలిపోతారని.

చంపాలనుకున్నవాడికి అంత జాగ్రత్త దేనికి?

హెలెన్ టేపు చివర వెతుకుతుంది. వేలికి తగులుతుంది.

చిన్న మడత.

మళ్ళీ తీసేటప్పుడు గోటితో గీరక్కర్లేకుండా, పట్టుకుని లాగితే వచ్చేసేలా, టేపు కొస లోపలికి మడిచి ఉంది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

నాన్న టేపును పళ్ళతో తెంపుతాడు. బెన్నీ అసలు టేపే చుట్టడు, వైర్లు మెలేసి వదిలేస్తాడు.

కొస మడిచే మనిషి ఇంట్లో ఒక్కరే.

"ఏంటమ్మా? ఏం కనపడింది?" బాబాయి కిందనుంచి అడుగుతాడు.

హెలెన్ టేపు చుట్టిన మేర వైరు కత్తిరిస్తుంది. ట్యాంకు మూత, సబ్బు ముద్దతో కలిపి పాలిథిన్ కవరులో వేస్తుంది. ట్రాలీ దిగుతుంది.

"గుణదల పోనీ బాబాయ్."

"స్టేషనుకి కదా?"

"ముందు గుణదల."

* * *

ఐదున్నర.

గుణదలలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. రెండో అంతస్తు జనరల్ వార్డు.

తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన మర్నాడే డయానా డ్యూటీకి వచ్చేసింది. ఇంట్లో కూర్చోలేనంది. పాపం, తట్టుకోలేకపోతోంది అనుకున్నారంతా. హెలెన్ కూడా.

డయానా ఒక ముసలాయన చేతికి సెలైన్ సూది పెడుతోంది.

"నెప్పి లేదు తాతా. అయిపోయింది. చీమ కుట్టినంతే."

తెల్ల ప్లాస్టర్ చింపుతుంది. సూది మీద అంటిస్తుంది.

కొస... లోపలికి మడుస్తుంది.

హెలెన్ వెళ్ళి ఆమె పక్కనున్న స్టీలు ట్రేలో వైరు పెడుతుంది.

టక్.

డయానా వైరు చూస్తుంది. చేతి గ్లవుజులు తీస్తుంది.

"మెట్ల దగ్గరికి రా."

హెలెన్ వైరు మళ్ళీ కవరులో వేసుకుని వెనకే వెళ్తుంది. మెట్ల మీద ఎవరూ లేరు. కింద బండి మీద బాబాయి కనిపిస్తున్నాడు.

"బాబాయికి చెప్పావా?"

హెలెన్ తల అడ్డంగా ఊపుతుంది.

"వాడు దొంగతనాలకి పోతున్నాడని నెల కిందటే తెలుసే నాకు." డయానా గొంతు మామూలుగా ఉంది. మరీ మామూలుగా ఉంది. "తిట్టా. ఏడ్చా. కాళ్ళు పట్టుకున్నా. నవ్వేవాడు. నీకు కొత్త ఫోన్ కొనిపెడతానే అనేవాడు."

"అక్కా..."

"నాన్న అన్నం తిని పడుకున్నాక చేశా. నువ్వు బావి దగ్గర గిన్నెలు తోముతున్నావ్. పోలీసులకి ఫోన్ కూడా చేశా. ఆరింటికి లంక పక్కన ఒక బోటు ఆగిపోద్ది, దాన్నిండా దొంగ మోటార్లుంటాయి, పట్టుకోండి అని. పట్టుకుంటే ఏమవుద్ది? ఆర్నెల్లు లోపలుంటాడు. బుద్ధొస్తది. బతికైతే ఉంటాడు అనుకున్నా."

"గేట్లు..."

"గేట్లెత్తుతారని నాకెలా తెలుస్తది?"

మొదటిసారి ఆమె గొంతు చీలుతుంది.

"నేనిక్కడ డ్యూటీలో ఉన్నా. ఎవరో టీవీలో చూసి చెప్పారు. అప్పుడు కూడా అనుకున్నా, దూకేస్తాడులే అని. చిన్నప్పట్నించి ఆ నీళ్ళలోనే ఉన్నోడు. అంత ఈత వచ్చినోడు ఎందుకు దూకలేదే? చెప్పవే. ఎందుకు దూకలేదు?"

హెలెన్‌కి తెలుసు. గంటన్నర కిందటే తెలిసింది.

చెప్పదు. ఈ జన్మలో చెప్పదు.

"నాన్నకి తెలుసా?"

"ఆదివారం బోటు ఒడ్డుకి లాగినప్పుడు కవరెత్తి చూశాడు. టేపు చూశాడు. మూసేశాడు. రాత్రి నా దగ్గరికొచ్చి నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. నువ్వు నోరు తెరిస్తే నా చావు చూస్తావ్, ఒట్టెయ్ అన్నాడు."

అందుకా!

అందుకే నాన్న తల దించుకున్నది.

ఏడింటికి జీపు బయల్దేరుతుంది. నాన్నకి షుగరు. పూటకో మాత్ర. చెయ్యని తప్పుకి ఎన్నేళ్ళో...

"పద అక్కా. వెళ్ళి చెప్దాం."

"నేను చెప్పలేనే. ఆయన తల మీద ఒట్టేశా."

డయానా కళ్ళు తుడుచుకుంటుంది. లేచి నిలబడుతుంది. వార్డులోంచి ఎవరో సిస్టర్ అని పిలుస్తున్నారు.

రెండడుగులు వేసి ఆగుతుంది. వెనక్కి తిరగదు.

"నువ్వు ఒట్టెయ్యలేదుగా."

* * *

ఏలూరు రోడ్డంతా హారన్లు. సిగ్నలు. ఎర్ర లైటు. మళ్ళీ ఎర్ర లైటు.

"ఏం జరుగుతుందో నాకు చెప్పవా?" బాబాయి అరుస్తాడు.

హెలెన్ ఆయన చొక్కా పట్టుకుని కూర్చుంటుంది.

ఆరూ నలభై.

స్టేషన్ ముందు జీపు ఇంజిన్ ఆన్‌లో ఉంది! కానిస్టేబుల్ ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

హెలెన్ పరిగెడుతుంది.

లోపల బల్ల మీద నాన్న. ఈ పొద్దున్నకీ ఇప్పటికీ పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. ఆమెను చూసి మొహం వెలుగుతుంది. ఆమె చేతిలో పాలిథిన్ కవరు చూస్తాడు. వెలుగు ఆరిపోతుంది.

"ఇంటికి పో అమ్మా."

"ఎవరు?" సీఐ గారు తల ఎత్తుతారు.

"మా చిన్నమ్మాయండి. భయపడి వచ్చినట్టుంది. పంపించేయండి."

హెలెన్ సీఐ గారి ముందు నిలబడుతుంది. నోరు తెరుస్తుంది. మాట రాదు. క్లాసులో పాఠం చదవమన్నా రాదు, చర్చిలో వాక్యం చదవమన్నా రాదు. ఇప్పుడూ రాదు.

నోటుబుక్కు తెరిచి ఆయన ముందుకు జరుపుతుంది.

"పదకొండు నలభై. పద్నాలుగు పాయింట్ ఒకటి. ఏంటిది?"

"కాలేజీ లెక్కలండి..." నాన్న లేస్తాడు. కానిస్టేబుల్ భుజం పట్టి కూర్చోబెడతాడు.

"చార్జింగ్ వైరు బిగించడం మర్చిపోయానని మీ నాన్నే రాయించాడమ్మా."

"మర్చిపోతే..." హెలెన్ గొంతు దారంలా ఉంది. "మర్చిపోతే పద్నాలుగు రాదండి. పన్నెండే చూపిస్తది. నాన్న బిగించాడు. తర్వాత ఎవరో తీశారు."

ఆమె మూత బల్ల మీద పెడుతుంది. సబ్బు ముద్ద పెడుతుంది. వైరు పెడుతుంది.

సీఐ గారు పెన్ను కింద పెడతారు.

"ఎవరు తీశారు?"

గోడ గడియారం ఆరూ యాభై చూపిస్తోంది.

హెలెన్ నాన్న వైపు చూస్తుంది.

నాన్న రెండు చేతులూ జోడించాడు. ఆమెకే. పదహారేళ్ళ కూతురికి. గ్రీజు మరకలు పోని ఆ చేతులు గడ్డానికి ఆనుకుని ఉన్నాయి.

వద్దు.

బయట జీపు హారన్ కొడుతుంది.

"అక్క" అంటుంది హెలెన్.

నాన్న నోట్లోంచి ఒక శబ్దం వస్తుంది. అది మాట కాదు.

"చంపాలని కాదండి. బోటు ఆపాలని. మీకు ఫోన్ కూడా చేసిందండి. ఆరింటికి లంక పక్కన..."

సీఐ గారు కుర్చీలో వెనక్కి వాలతారు. కానిస్టేబుల్ వైపు చూస్తారు. కానిస్టేబుల్ నేల చూస్తాడు.

"అయితే శనివారం మనోళ్ళు పట్టించుకోని ఆ ఫోన్..." అని ఆగిపోతారు సీఐ గారు.

తర్వాత టోపీ తీసుకుని లేస్తారు.

"జీపు గుణదల పోనివ్వండి. లేడీ కానిస్టేబుల్‌ని ఎక్కించండి."

* * *

ఎనిమిదిన్నర.

కాగితాల మీద హెలెన్ చేత ఆరు చోట్ల సంతకం పెట్టించుకునే సరికి ఆలస్యమైంది. నాన్నను ముందే వదిలేశారు. ఆయన ఎవరికోసమూ ఆగలేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

భవానీపురం సందు మొదట్లో బైకు ఆగుతుంది. హెలెన్ దిగి నడుస్తుంది. తర్వాత పరిగెడుతుంది.

నాన్న ఇంటికొచ్చాడు. జైలుకి పోలేదు. రేపు పొద్దున మాత్ర వేసుకుంటాడు. మిగతాది రేపు ఆలోచించవచ్చు.

వరండాలో లైటు వెలుగుతోంది. లోపల నానమ్మ ఏడుపు. పేర్లు పెట్టి ఏడుస్తోంది. ఒకసారి బెన్నీ అంటుంది, ఒకసారి డయానా అంటుంది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నాన్నా..."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

నువ్వు ఒట్టెయ్యలేదుగా. ఆ మాట నాలుక చివర ఉంది. చెప్తే అక్క ఒట్టు తప్పినట్టవుతుంది.

"ఎవరూ చెప్పలేదు నాన్నా."

"నన్ను విడిపించమని నేనడిగానా?"

ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

"ఒకణ్ణి ఏరు తీసుకెళ్ళింది. ఒకదాన్నన్నా దాచుకుందామని పోయి కూర్చున్నా. చేతులు జోడించా కదమ్మా నీకు. చూశావు కదా."

"చూశాను నాన్నా."

"చూసి చెప్పావు."

వెనక నుంచి బాబాయి వస్తాడు. "అన్నయ్యా, పొద్దున్నించి పిల్ల పచ్చి మంచినీళ్ళు తాగలేదు. లోపలికి రానీ. మాట్లాడుకుందాం."

"మీ ఇంటికి తీసుకెళ్ళు జాన్సన్. అన్నం పెట్టు."

"అన్నయ్యా..."

"నా కళ్ళ ముందు వద్దు. ఇప్పుడు కాదు. ఎప్పుడో నాకు తెలీదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

హెలెన్ ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆమె చెయ్యి తలుపు అంచు మీద పడుతుంది.

నాన్న ఆ చేతిని చూస్తాడు. నలిగిపోకుండా, ఒక్కొక్క వేలే విప్పి, మెల్లగా తీసి ఆమె పక్కన వదిలేస్తాడు.

తలుపు మూస్తాడు.

లోపల గడియ పడుతుంది.